ఒక గుమ్మం, ఒక ట్రాక్టరు చెరుకు

చినపాలెం లూథరన్ చర్చి వెనకున్న భోజనాల హాలుకి ఒకటే గుమ్మం. అందులోంచి ఏనుగు సుఖంగా పడుతుంది. చినపాలెం వాళ్ళు మాత్రం ఇద్దరు పట్టరు. బక్కపలచగా ఉన్నవాళ్ళైనా పట్టరు. ఎందుకంటే మొదటాయన గడప దగ్గర ఆగి, పక్కకి తిరిగి, చెయ్యి చాపి, "ముందు తమరు పదండి" అంటాడు. రెండో ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, "అబ్బే, ఎంతమాటండి, తమరుండగా నేనా" అంటాడు. ఆ వెనకడుగు మూడో ఆయన కాలి మీద పడుతుంది. మూడో ఆయన ఆ కాలు చేత్తో పట్టుకునే, "పర్లేదండి, మెత్తగానే తొక్కారు. మీరు కానివ్వండి" అంటాడు. ఇంతలో లోపల సాంబారు చల్లారిపోతుంది.

తోపులాటలు ఎక్కడైనా ఉంటాయి. పిఠాపురంలో పర్వదినం నాడు కుక్కుటేశ్వరుడి దర్శనానికి వెళ్ళినవాడు నడవక్కర్లేదు, కాళ్ళు రెండూ పైకెత్తుకున్నా జనమే లోపలికి తీసుకుపోతారు. జంగారెడ్డిగూడెం బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు, సంచి, ఒక్కోసారి చంటిపిల్ల లోపలికి వెళ్ళి సీటు ఆపుతాయి. తోపులాటకి మందుంది. తాడు కట్టొచ్చు, పోలీసుని పెట్టొచ్చు. మర్యాదకి మందు ఏ వైద్యుడూ రాయలేదు. గోదావరి రెండు పాయలై నాలుగై ఏడై ఎందుకు చీలిందో భూగోళం పుస్తకాల్లో వేరే కారణాలున్నాయి కానీ, సముద్రం ముందు నిలబడి "మీరు ముందు" "కాదు మీరు ముందు" అనుకుని ఉంటాయని చినపాలెంలో ఒక వాదన ఉంది.

ఇటువంటి ఊళ్ళో పుట్టిన తబిత, ప్రవాహాల మీద పరిశోధన చెయ్యడంలో వింతేమీ లేదు.

తబిత తండ్రి చిట్టియ్య బోర్డులు రాసే పెయింటరు. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద కనపడే రొయ్యల మేత బోర్డుల్లో సగం ఆయన చేతివే. ఆయన రొయ్యకి మీసాలు ఎంత బాగా పెట్టేవాడంటే, ఒక కంపెనీ వాళ్ళు మా రొయ్య మరీ జమీందారులా ఉంది, కాస్త తగ్గించమన్నారు. చిన్నప్పుడు తబిత పని, రంగు డబ్బాలో పుల్ల పెట్టి కలపడం. డబ్బాలో ముద్దలా కదలకుండా కూర్చున్న రంగు, కుంచె కింద పడగానే జారిపోతుంది. కుంచె తియ్యగానే మళ్ళీ బిగుసుకుని గోడ మీద నిలబడుతుంది.

"ఎందుకు నాన్నా అలాగ?" అని అడిగింది ఆ పిల్ల.

"కుంచె మాట వింటుందమ్మా. నువ్వు నా మాట వినవు చూడు, అలా కాదు."

ఈ జవాబు ఆ పిల్లకి చాల్లేదు. భీమవరంలో బీఎస్సీ, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేసి, తిరిగొచ్చి భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడం అయినా చాల్లేదు. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరింది. ద్రవస్ఫటిక పాలిమర్లు ఎలా ప్రవహిస్తాయి అన్నది విషయం. భర్త విజయ్ పాల్ ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మీ ఆవిడ ఏం చదువుతున్నారండి అని ఎవరైనా అడిగితే, "నీళ్ళల్లో పుల్లలండి" అనేవాడు. నవ్వులాటకి అన్నా, ఆయన అన్నది ఇంచుమించు నిజం.

క్లాసులో తబిత చీపురుపుల్లలు విరిచి బల్ల మీద పోసేది. ఈ అణువులు సేమ్యాలా మెత్తగా చుట్టుకునే రకం కాదు, చీపురుపుల్లలా బిర్రుగా పొడుగ్గా ఉంటాయి అని చెప్పేది. ద్రావణంలో కాసిని ఉన్నప్పుడు ఒకటి తూర్పు చూస్తుంది, ఒకటి పడమర చూస్తుంది, మూడోది గిరగిరా తిరుగుతుంది. తిరిగే ప్రతిదీ పక్కదానికి అడ్డం. ఇంకొన్ని వేస్తే ఇంకా అడ్డం, ద్రవం చిక్కబడుతుంది. ఇంకా వేస్తే? ఇంకా చిక్కబడాలి కదా. పడదు. ఒక హద్దు దాటాక తిరగడానికే చోటు ఉండదు. చోటు లేక అన్నీ ఒకే దిక్కుకి సర్దుకుంటాయి. సర్దుకున్నాక ఒకదాని పక్కనించి ఒకటి జారిపోతాయి. పుల్లలు పెరిగాయి, ప్రవాహం తేలికైంది. పుల్ల ఎంత పొడుగైతే ఆ హద్దు అంత తొందరగా వస్తుంది, పొట్టి పుల్లకి ఎంత ఇరుకులోనైనా తిరగడానికి సందు దొరుకుతుంది కాబట్టి. ఇదంతా చెప్పి తలెత్తి చూస్తే వెనక బెంచీలు నిద్రపోతూ ఉండేవి, అందరి తలలూ ఒకే దిక్కుకి వాలి. తబిత దాన్ని కూడా ఉదాహరణగా వాడుకునేది. పిల్లలు ఆవిడకి పుల్లల మేడం అని పేరు పెట్టారు.

ఇక బొమ్మ సంగతి చెప్పాలి, అసలు గొడవ దాని గురించే.

భోజనాల హాల్లో, గుమ్మానికి సరిగ్గా ఎదురు గోడ నిండా, చిట్టియ్య వయసులో ఉన్నప్పుడు, బైబిల్లో జలప్రళయం అప్పటి నోవహు ఓడ వేశాడు. ఆయనకి తెలిసిన ఓడ రాజమండ్రి రేవులో లాంచీ. అందుకని నోవహుది లాంచీయే. పైన రేకు కప్పు, పక్కన వేలాడే టైర్లు, వెనకాల దూరంగా రైలు వంతెన. రెండేసి చొప్పున జీవరాశులన్నీ ఎక్కుతున్నాయి. సింహాలకి చిట్టియ్య మొహం పోలిక వచ్చింది, ఇంట్లో అద్దం తప్ప వేరే నమూనా లేక. అన్నిటికంటే ముందు, లాంచీ అంచున, ఒక నీలం బకెట్టు. బకెట్టులో రెండు పులస చేపలు.

జలప్రళయం నుంచి చేపల్ని కాపాడిన ఓడ ప్రపంచంలో అదొక్కటే. కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరు గారూ మొదటి రోజు ఆ బకెట్టు చూసి అన్నం మెతుకు గొంతుకి అడ్డంపడి దగ్గేవారు. "ఏమండీ చిట్టియ్యగారూ, వరదొస్తే చేపలకేంటండి?" అని ఊరంతా అడిగేవారు. చిట్టియ్య జవాబు ఎప్పుడూ ఒకటే. "వరదొస్తే చేపలకేం కాదండి. పులసకే ఇబ్బంది. అది ఏటికి ఎదురీదే చేప. భూమంతా నీళ్ళయ్యాక ఏరెక్కడండి, ఎదురెక్కడండి? ఎటెళ్ళాలో తెలియక బెంగతో చస్తుంది. వరద తీసి, ఏరు ఏరులాగ పారేదాకా బకెట్లో ఉంటుంది." వినేవాళ్ళు నవ్వేవారు. చిట్టియ్య నవ్వేవాడు కాదు. తబిత చిన్నప్పట్నించీ ఆ బకెట్టు కిందే కూర్చుని భోంచేసేది, ఇప్పుడూ అంతే.

సార్వా కోతలయ్యాక చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, ఒక చేపల చెరువాయనైతే బతికున్న బొచ్చె చేపని గంగాళంలో తెస్తాడు. ఆరాధన తరవాత భోజనం, భోజనం తరవాత అవన్నీ వేలం. ఈ పండుగకి నెల ముందు సంఘం మీటింగులో కార్యదర్శి ఏసురాజు గారు లేచారు. ఆయన మండలాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. సమస్య ఏదైనా గోడకి కన్నం పెడితే పోతుందని నమ్మకం.

"అయ్యగారండి, పోయినేడు లోపలికెళ్ళేసరికి పప్పు గడ్డకట్టింది. గరిటె నిలబెడితే నిలబడింది. రెండో గుమ్మం పెట్టాలండి."

"ఎటుపక్కండి?" అన్నారు పాస్టరు గారు.

ఎడమపక్క వంటిల్లు. కుడిపక్క కాలవ. మిగిలింది ఓడ ఉన్న గోడ. అందరూ తలలు దించుకున్నారు. చిట్టియ్యకి ఎనభై దాటాయి, మీటింగులకి రావడం మానేశాడు.

తబిత లేచింది. "ఏసురాజు గారూ, గుమ్మం చిన్నదై కాదండి ఆగిపోయేది. మనం తిరుగుతున్నామండి."

"ఎక్కడికమ్మా తిరుగుతున్నాం?"

"వెనక్కండి. మీరు ముందు పదండి అనడానికి ప్రతివాళ్ళూ వెనక్కి తిరుగుతారు. తిరగకుండా చేస్తే చాలు. ఈ పండుగకి నాకొదిలెయ్యండి. సాంబారు వేడిగా ఉండగా అందరూ లోపలుంటే గోడ ఉంటుంది. లేకపోతే మీ ఇష్టం."

"మర్యాద లేకుండా చేస్తానంటావు" అన్నారు స్త్రీల సమాజం అధ్యక్షురాలు ప్రసన్నకుమారి గారు, ముక్కు మీద వేలేసుకుని.

"మర్యాద ఉండనివ్వండమ్మా. తిరగడానికి చోటు లేకుండా చేస్తాను."

పాస్టరు గారు సరేనన్నారు. ఆయనకీ వేడి సాంబారంటే ఇష్టం.

తబిత స్త్రీల సమాజంతో రిహార్సలు పెట్టింది. మనిషిని బిర్రు పుల్లగా మార్చాలి కాబట్టి చేతికి ఏదైనా కర్ర ఇవ్వాలి. చర్చి వంటింట్లో ఉన్న కర్రలు పప్పు గుత్తులు. తలా ఒక పప్పు గుత్తి ఇచ్చి, ముందుకి చాపి పట్టుకుని గుమ్మంలోకి నడవమంది. వచ్చిన ఆడవాళ్ళు కొద్దిమంది. ప్రసన్నకుమారి గారు గడప దాకా వచ్చి, అలవాటుగా గిరుక్కున తిరిగి, పప్పు గుత్తితోనే దారి చూపిస్తూ, "రండి వదినగారూ, ముందు మీరు" అన్నారు. వదినగారు తన పప్పు గుత్తి చంకలో పెట్టుకుని నమస్కారం చేశారు. వెనకున్న ఇద్దరు పప్పు గుత్తులు ఎక్కడ కొన్నారో, ఏ కర్రో మాట్లాడుకోవడం మొదలెట్టారు. చివర్లో ఉన్నావిడ ఇంటికి వెళ్ళిపోయింది, పప్పు గుత్తితో సహా. అది ఇంకా దొరకలేదు.

అరుగు మీద కూర్చుని చూస్తున్న ఏసురాజు గారు, "తాపీమేస్త్రీతో మాట్లాడుంచానమ్మా, తొందరేం లేదు" అన్నారు చాలా మర్యాదగా.

తబిత ఇంటికొచ్చి తల పట్టుకుంది. ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పిన పాఠం తనే తప్పింది. పుల్ల పొట్టి. పైగా పుల్లలు తక్కువ. రెండు తప్పులూ ఒకేసారి చేసింది.

"ఏవమ్మాయ్, ఏసురాజు గోడ కొడతాడంట కదా" అన్నాడు చిట్టియ్య మంచం మీంచి. ఎవరు చెప్పారో.

"కొట్టరులే నాన్నా."

"కొడితే బకెట్టు మటుకు వొదిలెయ్యమని చెప్పు. సింహాలు ఎలాగా బాలేదు."

ఆ మాటతో తబితకి రాత్రి అన్నం సయించలేదు.

కోత పండుగ రోజు రానే వచ్చింది. ఆ ఉదయం ప్రతి ఏడులాగే బుల్లిరాజు గారి ట్రాక్టరు వచ్చింది. బుల్లిరాజు గారు చర్చి మనిషి కాదు, పక్క వీధి రైతు. ఊరంతా పొలాలు చెరువులు చేసేసుకున్నా, ఆయన ఒక్క చెక్క పొలంలో మటుకు తాతగారి మీద గౌరవంతో చెరుకు వేస్తాడు. చుట్టుపక్కల గానుగ లేదు, కొనేవాడు లేడు. అందుకని ఏటా ట్రాక్టరెడు చెరుకు కోత పండుగకి పంపిస్తాడు. మధ్యాహ్నం వేలంలో ఆ చెరుకు ఎవరూ పాడకపోతే బాగుండదని తనే పాడి, తనే ఇంటికి పట్టుకుపోతాడు. ఇది చాలా ఏళ్ళుగా సాగుతోంది. ఇందులో ఎవరికి లాభమో ఎవరూ లెక్క వెయ్యలేదు.

తబిత ట్రాక్టరు చూసింది. ఆకులు కొట్టిన చెరుకుగడలు, ఒక్కోటి ఇద్దరు మనుషుల పొడుగు. దేవుడు పంపిన అణువులు.

"బుల్లిరాజు గారండి, మీ చెరుకు కాసేపు అప్పిస్తారా?"

"ఇచ్చేసిన చెరుకు మళ్ళీ అప్పేంటండి మేడం గారూ. ఏంటి, రసం తీస్తారా?"

"మనుషులకి తగిలిస్తానండి."

బుల్లిరాజు గారికి అర్థం కాలేదు. అయినా కారణం అడగడం మర్యాద కాదని "ఆయ్, తగిలించండి" అన్నారు.

ఆరాధన అయింది. అలవాటు ప్రకారం పెద్దలు ముందు. ఏసురాజు గారు, ప్రసన్నకుమారి గారు, ఇంకా ఒకరిద్దరు. తబిత తలా ఒక చెరుకుగడ భుజం మీద పెట్టి, కొన ముందుకి చూసేలా పట్టుకోమంది. ఏసురాజు గారు గడప దాకా నిటారుగా నడిచి, అక్కడ ఆగి, "రండమ్మా ప్రసన్నకుమారి గారూ" అని వెనక్కి తిరిగారు. ఆయనతోపాటు చెరుకుగడ కూడా తిరిగింది. దాని వెనక కొస పాస్టరు గారి కళ్ళజోడు తీసుకుపోయింది. ముందు కొస ప్రసన్నకుమారి గారి ముడిలో దూరింది. ఆవిడ అదేమిటని తిరిగింది, ఆవిడ గడ ఇంకొకాయన టోపీని కాలవలో వేసింది.

"క్షమించాలండి" అన్నారు ఏసురాజు గారు, ఇటు తిరిగి. అటున్నవాళ్ళు వంగారు.

"పర్లేదండి" అన్నారు పాస్టరు గారు గోడని చూస్తూ.

హాలు లోపల, ఓడ కింద, కుర్చీలో చిట్టియ్య కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే విజయ్ పాల్ మోటారుసైకిలు మీద తెచ్చి దింపాడు. తన గోడని ఆఖరిసారి చూసుకోవడానికి వచ్చాడని అందరికీ తెలుసు. ఆయన మాత్రం సాంబారు కోసం వచ్చానన్నాడు. గుమ్మంలోంచి ఈ తమాషా అంతా కనపడుతోంది. "రొయ్యలు బతికున్నప్పుడు వాటి మీసాలు ఇలాగే ఉంటాయి" అన్నాడు ఎవరితోనో.

"చాలమ్మా తబితా" అన్నారు ఏసురాజు గారు, గడ దించకుండానే. "నలుగురమే ఇలా కొట్టుకుంటున్నాం. మిగతావాళ్ళు కూడా వస్తే ఆసుపత్రికే."

అప్పుడు తబిత అన్న మాట చినపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నలుగురే కాబట్టి కొట్టుకుంటున్నారండి. ఇంకా జనం కావాలి."

అని, చర్చి ముందున్న వాళ్ళందరినీ ఇటు రమ్మని కేకేసింది. అందరికీ చెరుకుగడలు. వేలం చూడ్డానికి వచ్చిన బుల్లిరాజు గారి బంధువులకీ చెరుకుగడలు. దారిన పోతూ ఏంటని ఆగిన ఆటోవాడికీ ఒకటి. చర్చి గోడకీ కాంపౌండు గోడకీ మధ్య హాలు గుమ్మం దాకా వెళ్ళే సందులోకి అందరినీ దూర్చి, వెనక గేటు మూయించింది. విజయ్ పాల్ గేటుకి వీపు ఆనించి నిలబడ్డాడు, ఐసు దిమ్మలు నెట్టే పద్ధతిలో.

మొదట గందరగోళమే. తూర్పు వీధివాళ్ళ గడలు ఒక దిక్కు, చెరువుగట్టువాళ్ళవి ఒక దిక్కు, ఎవరి గుంపులో వాళ్ళు సర్దుకుని, గుంపుకీ గుంపుకీ మధ్య టకటకమని కర్రసాము. తరవాత విజయ్ పాల్ ఆఖరి వరసని ఇంకొక అడుగు ముందుకి నెట్టాడు. తిరుగుదామనుకున్న గడ తిరగలేక మానుకుంది. అడ్డంగా ఉన్నది నిలువైంది. ఒకటి చూసి ఒకటి, ఎవరూ చెప్పకుండానే గడలన్నీ గుమ్మం వైపు తిరిగి వరిచేలో కంకుల్లా ఒక వాలుకి వచ్చాయి. సందులో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది.

తరవాత కదిలారు.

మర్యాద ఎక్కడికీ పోలేదు. "పదండి, మీరు పదండి" అని ప్రతివాళ్ళూ అంటూనే ఉన్నారు. కానీ వెనక్కి తిరిగే వీల్లేదు, కాబట్టి ఆ మాట ముందున్న వాళ్ళకే చెప్పాలి. ముందున్నవాళ్ళు తిరిగి కాదనే వీల్లేదు, కాబట్టి నిజంగానే ముందుకి పోవాలి. చరిత్రలో మొదటిసారి చినపాలెంలో ఒకరు పదండంటే ఇంకొకరు వెళ్ళారు. గడల పక్కనించి గడలు నూనె రాసినట్టు జారుతున్నాయి. గుమ్మంలోంచి జనం కాలవ తూములోంచి నీళ్ళలా వస్తున్నారు. పది తరాలుగా వియ్యమందుతున్న ఇళ్ళ వియ్యంకులు పక్కపక్కనే ఒకేసారి గడప దాటారు. ఎవరు ముందో తెలియలేదు, ఎవరికీ కోపం రాలేదు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని నోళ్ళు తెరిచారు. సాంబారు మీద పొగ ఇంకా లేస్తోంది.

ప్రవాహం మొదలెట్టడం గురించి తబిత బోలెడు చదివింది. ఆపడం గురించి ఆ క్షణంలో ఏమీ గుర్తురాలేదు.

అందరికంటే ముందున్నది ఏసురాజు గారు. హాల్లోకి వచ్చాక ఆయన పక్కకి తిరిగి విస్తరి ముందు కూర్చోవాలి. తిరగలేడు. వెనకనించి ఊరంతా "పదండి, పదండి" అంటోంది. ఆయన మర్యాద తెలిసిన మనిషి, పదమంటే పోకుండా ఎలా. "ఆగండయ్యా, గోడొచ్చింది" అంటూనే తిన్నగా నడిచారు, చిట్టియ్య కుర్చీ పక్కనించి, నోవహు లాంచీ లోపలికి. చెరుకుగడ కొన వెళ్ళి నీలం బకెట్టుకి సూటిగా గుచ్చుకుంది. ధబ్బుమని ఒక చాటెడు గచ్చు పెచ్చు ఊడి కింద పడింది.

అప్పుడు అందరూ ఆగారు.

గోడ పడగొట్టిస్తానన్న మనిషి, గోడకి చాటెడు గుంట చేసి, చెరుకుగడ వదిలేసి చిట్టియ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పొరపాటైపోయిందండి చిట్టియ్యగారూ. నేను చూళ్ళేదండి. రేపే మేస్త్రీని పిలిచి గచ్చుకి మాటు వేయిస్తానండి. తమరు మళ్ళీ వేద్దురు గాని. ఈ గోడ జోలికి ఇంకెవడైనా వస్తే నేనుంటానండి."

"అలాగే కూర్చోండి ఏసురాజు గారూ, సాంబారు చల్లారిపోతుంది" అన్నాడు చిట్టియ్య.

వేడి సాంబారు తిన్నారు. పాస్టరు గారు రెండుసార్లు వేయించుకున్నారు. రెండో గుమ్మం ఊసు ఎవరూ ఎత్తలేదు. భోజనాలయ్యాక వేలంలో బుల్లిరాజు గారు తన చెరుకు తనే పాడుకుని ట్రాక్టరెక్కించారు. దాంతో బయటికి వెళ్ళేటప్పుడు ఎవరి చేతిలోనూ గడ లేదు. గుమ్మం దగ్గర మొదటాయన ఆగి, వెనక్కి తిరిగి, "తమరు పదండి" అన్నాడు. దీపాలు పెట్టేవేళ దాకా హాలు ఖాళీ అవలేదు. తిన్నాక తొందరేముంది కనక, అది లెక్కలోకి రాదని పాస్టరు గారు తీర్పు చెప్పారు.

జనం తగ్గాక తబిత గోడ దగ్గరికి వచ్చింది. లాంచీ ఉంది, వంతెన ఉంది, నాన్న మొహంతో సింహాలున్నాయి. బకెట్టు ఉన్నచోట ఇటుక కనపడుతోంది. గోడ దక్కినందుకు నవ్వాలో, బకెట్టు పోయినందుకు ఏడవాలో తెలియక రెండూ కాని మొహం పెట్టింది.

"మళ్ళీ వెయ్యి నాన్నా. రంగు నేను కలుపుతాను."

చిట్టియ్య తన చేతికర్ర చాపి నేల మీద చూపించాడు. పెచ్చు రెండు ముక్కలై పడి ఉంది. ముక్కకొక పులస, చెక్కు చెదరకుండా. రెండిటి తలలూ గుమ్మం వైపే ఉన్నాయి, మధ్యాహ్నం ఊరంతా వచ్చిన దారికి సరిగ్గా ఎదురు.

"ఎందుకమ్మా మళ్ళీ బకెట్టు" అన్నాడు. "వరద తీసినట్టుంది."